‘పెట్ సెమటరీ’ ఇంత బాధపెడుతున్నా ఎందుకు మళ్లీ మళ్లీ చదువుతున్నాం?

బ్రాడీపేట_పుస్తకాలు
ముందే చెప్తున్నా, కథ చివరిదాకా మాట్లాడుకుంటాం. చదవనివాళ్లు, చదవాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోండి.

స్టీఫెన్ కింగ్ రాసిన ‘పెట్ సెమటరీ’ 1983లో వచ్చింది. హారర్ నవలలు చాలా చదివాను గానీ చదవడం అయిపోయాక కూడా మనసుని ఇంతగా తొలిచింది ఇదొక్కటే. దెయ్యం ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటే చాలా పేజీల దాకా పెద్దగా ఏమీ జరగదు. లూయిస్ క్రీడ్ అనే డాక్టరు షికాగో నుంచి మెయిన్ రాష్ట్రంలో లడ్లో అనే చిన్న ఊరికి కాపురం మారతాడు. భార్య రేచెల్, కూతురు ఎల్లీ, ఇంకా మాటలు సరిగా రాని కొడుకు గేజ్, ఎల్లీ పెంచుకునే చర్చ్ అనే పిల్లి. ఇంటి ముందు రోడ్డు మీద ఎప్పుడూ లారీలు. ఇంటి వెనక అడవిలో ఆ చుట్టుపక్కల పిల్లలు తమ కుక్కల్నీ పిల్లుల్నీ పూడ్చుకునే చోటు. దానికి అవతల, బాగా లోపలికి, ఇంకో చోటు. అక్కడ పాతిపెట్టింది తిరిగి ఇంటికొస్తుంది.

ఇందులో ఏముందని ఇంతమంది ఇంతకాలంగా చదువుతున్నారు? నాకు తోచింది చెప్తా. లూయిస్ చేసే ప్రతి పనీ ఆ పూటకి సబబుగానే ఉంటుంది. పిల్లి లారీ కింద పడింది, భార్యాపిల్లలు పండక్కి షికాగో వెళ్లారు, కూతురు వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలీదు, ఎదురింటి పెద్దాయన జడ్ ఒక దారుంది రమ్మన్నాడు, వెళ్లాడు. ఎవరైనా వెళ్తారు. అలా ఒక్కో మెట్టూ మనం కూడా ఆయన వెనకే దిగుతాం, ఏ మెట్టు దగ్గరా ‘నేనైతే ఇక్కడ ఆగిపోయేవాణ్ణి’ అని గట్టిగా అనలేం. కొడుకు గేజ్ కూడా అదే రోడ్డు మీద లారీ కింద పడి పోయి, వాణ్ణీ అక్కడ పాతిపెట్టే దాకా వచ్చేసరికి ఆగే వీలు ఎప్పుడో దాటిపోయింది. భయం దెయ్యంలో లేదు, ప్రేమ చెప్పే సాకుల్లో ఉంది అని నా నమ్మకం. మీ మాట చెప్పండి.

సర్వీస్‌రోడ్డు_తాడేపల్లి
అన్నా, మా ఇల్లు హైవే సర్వీసు రోడ్డు పక్కనే. నాకు శ్మశానం కంటే ఆ రోడ్డే భయం వేసింది. మిర్చి సీజన్ వస్తే గుంటూరు యార్డుకి పోయే లోడు లారీల హోరు తెల్లవార్లూ వింటూనే ఉంటాం. ఇంట్లో చిన్న పాప ఉంది. ఈ పుస్తకం చదివాకే గేటుకి పైన ఇంకో గొళ్లెం వేయించా, దాని చెయ్యి అందకుండా.

ఇంకో సంగతి, కింగ్ ఇది గాల్లోంచి పుట్టించలేదు. 1978-79లో ఆయన మెయిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ ఆరింగ్టన్ అనే ఊళ్లో ఇలాంటి రోడ్డు పక్కనే ఇల్లు అద్దెకి తీసుకున్నారు. కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే చచ్చిపోయింది. పిల్లలు జంతువుల్ని పూడ్చుకునే చోటు కూడా ఆ ఇంటి వెనక నిజంగానే ఉండేది. ఓ రోజు చిన్నకొడుకు రోడ్డు వైపు పరిగెత్తితే ఆఖరి క్షణంలో పట్టుకోగలిగారట. పట్టుకోలేకపోయి ఉంటే అన్న ఆలోచన లోంచే నవలంతా వచ్చింది. రాసిన తర్వాత ఆయనకే నచ్చక సొరుగులో పడేశారు, పాత ప్రచురణకర్తకి ఒప్పందం ప్రకారం ఒక పుస్తకం బాకీ ఉండటంతో బయటికి తీశారు. రాసినవాడే ‘ఇది హద్దు దాటింది’ అనుకున్న పుస్తకం. అందుకే ఇందులో దొంగ భయం లేదు.

అరండల్‌పేట_చదువరి
నన్ను గాలిపటం సీను పడేసింది. ఎండ బావుంది, లూయిస్ రాబందు బొమ్మ ఉన్న గాలిపటం కొనుక్కొచ్చి, పక్క పొలంలోకి కొడుకుని తీసుకెళ్లి ఎగరేస్తాడు. దారం గేజ్ చేతికిస్తాడు. ఆ పిల్లాడు పైన ఎగిరేది తన చేతిలోనే ఉందని తెలుసుకుని పకపకా నవ్వుతాడు. తండ్రికి ఇంతకంటే సంతోషం ఉండదనిపించే చోట, అదే వాక్యంలో, ఈ పిల్లాడు ఇంకో రెండు నెలలు కూడా బతకడు అని రచయిత మామూలుగా చెప్పేసి ముందుకి పోతాడు.

సస్పెన్స్ అంటే దాచిపెట్టడం అనుకుంటాం కదా. ఇక్కడ దాచలేదు, ముందే చెప్పేశాడు. అక్కణ్ణుంచి గేజ్ బూట్లు వేసుకున్నా, అన్నం కింద పోసుకున్నా, వాళ్లక్క మీద పడి ఆడుకున్నా మనకి ఊపిరాడదు. పేజీ తిప్పాలంటే భయం, తిప్పకపోతే ఇంకా భయం. దెయ్యం ఎక్కడుంది ఇందులో? ఒక తేదీ తెలిసిపోయింది, అంతే.

ఆ తర్వాత ఇంకో అధ్యాయం ఉంది. గేజ్ రోడ్డు వైపు పరిగెడుతుంటే లూయిస్ వెనక నుంచి జాకెట్ పట్టుకుని లాగేస్తాడు, పిల్లాడు బతుకుతాడు, పెద్దవాడవుతాడు, కాలేజీకి వెళ్తాడు, ఈతలో ఒలింపిక్ పతకం గెలుస్తాడు. తల్లీతండ్రీ చూసి మురిసిపోతారు. చదువుతూ చదువుతూ మనం నమ్మేస్తాం, అమ్మయ్య అనుకుంటాం. అప్పుడు టోపీ నిండా రక్తం కనిపిస్తుంది. అదంతా తండ్రి కల. నేను ఆ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టి మా వాడి గదిలోకి వెళ్లి చూసొచ్చా. ఏ దెయ్యం కథా నా చేత ఆ పని చేయించలేదు.

పటమట_హేతువాది
అందరూ మెచ్చుకుంటున్నారు, నా అభ్యంతరం కూడా వినండి. మాది నాస్తిక కేంద్రం ఉన్న పేట. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకి తెచ్చిన సంస్థ అది. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని జనం చేత నడిపించి మరీ చూపించినవాళ్లు. అలాంటి చోట పెరిగినవాణ్ణి కాబట్టి నాకీ ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. మన దగ్గర 80ల్లో వారపత్రికల నిండా క్షుద్ర నవలలే. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన రాష్ట్రాల్లో ఇప్పటికీ వస్తున్నాయి. చచ్చినవాళ్లు తిరిగొస్తారు, ఆ మట్టికి శక్తి ఉంది అని చెప్పే పుస్తకాన్ని గొప్ప సాహిత్యం అనడం నాకు మింగుడు పడటం లేదు.

బ్రాడీపేట_పుస్తకాలు
హేతువాది గారూ, మీరన్న బాధ నాకు అర్థమవుతుంది, ఆ మాట తేలిగ్గా తీసుకోను. కానీ ఈ నవలలో ఆ పని చేసేది మంత్రగాడు కాదు, యూనివర్సిటీ ఆసుపత్రి నడిపే డాక్టరు. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేనివాడు. చావు అనేది సహజం, పువ్వు వాడినట్టే అని కూతురికి నచ్చజెప్పేవాడు. అలాంటివాడు సాక్ష్యాలు ముందేసుకుని వాదించుకుంటాడు. పిల్లి తిరిగొచ్చింది, నిజమే, కంపు కొడుతోంది, ఎలకల్నీ పిట్టల్నీ చీల్చి పారేస్తోంది, కానీ అది పిల్లి కదా, పిల్లలు వేరేమో. యుద్ధంలో చనిపోయిన టిమ్మీ బేటర్‌మన్‌ని వాళ్ల నాన్న అక్కడ పాతిపెడితే వాడు వాడిలా రాలేదని జడ్ చెప్పాడు, కానీ అప్పటికి చాలా రోజులు గడిచాయేమో. గేజ్ కూడా సరిగా రాకపోతే, నేను ఆలస్యం చేశాను, అందుకే. తిరిగొచ్చిన గేజ్ చేతిలో రేచెల్ చనిపోతే, ఆమెకి ఆలస్యం కాలేదు, ఇప్పుడే కదా పోయింది అంటాడు. చూడండి, ప్రతిసారీ ఫలితం తప్పు వస్తుంటే ప్రయోగం పద్ధతిలో లోపం ఉందంటాడు గానీ ప్రయోగమే తప్పని ఒప్పుకోడు. మూఢనమ్మకం చదువుకున్నవాడి బుర్రలోకి ఏ దారిన వస్తుందో ఇంత వివరంగా చూపించిన పుస్తకం నేను ఇంకోటి చూడలేదు. మీ ఉద్యమానికి ఇది పనికొచ్చే పుస్తకమే అంటాను.

మాచవరం_మాస్టారు
ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, రెండు పాత కథలు గుర్తుచేస్తాను.

మొదటిది డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ రాసిన ‘ది మంకీస్ పా’, 1902 నాటిది. చాలామంది పాఠంగా చదివే ఉంటారు. ఇండియాలో ఒక ఫకీరు మంత్రించిన కోతి చెయ్యి, మూడు కోరికలు. మొదటి కోరికకి డబ్బు వస్తుంది, కొడుకు ఫ్యాక్టరీలో చచ్చిపోయినందుకు నష్టపరిహారంగా. తల్లి పట్టుబట్టి కొడుకు తిరిగి రావాలని రెండో కోరిక కోరిస్తుంది. రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆమె గడియ తీసేలోగా తండ్రి మూడో కోరిక కోరేస్తాడు, తలుపు తెరిస్తే వీధి ఖాళీ. బయట ఉన్నది ఎలా ఉందో మనకి చూపించలేదు. కింగ్ ఆ తలుపు తెరిచాడు. నాకు ఈ రెంటికీ తేడా అక్కడే కనిపిస్తుంది. జేకబ్స్ తండ్రికి భయం ఎక్కువ, అందుకే బయటపడ్డాడు. లూయిస్‌కి ప్రేమ ఎక్కువ, మునిగిపోయాడు.

రెండోది మన భేతాళ కథ. మందారవతి అనే పిల్ల చనిపోతే, ఆమెని ప్రేమించిన ముగ్గుర్లో ఒకడు బూడిద కాపలా కాస్తాడు, ఒకడు ఎముకలు గంగకి తీసుకెళ్తాడు, ఒకడు దేశాలు తిరిగి బతికించే మంత్రం తెస్తాడు. ఆమె లేచి కూర్చుంటుంది, ఎప్పట్లాగే, చక్కగా. భేతాళుడు అడిగేది ఆమె ఎవరి భార్య అవుతుందని మాత్రమే. వచ్చింది ఆమేనా అన్న అనుమానం కథలో ఎవరికీ రాదు. సత్యవంతుడూ అంతే, సాందీపని కొడుకూ అంతే. మన కథల్లో తిరిగొచ్చినవాడు వాడే. యముడితో మాట్లాడొచ్చు, వాదించొచ్చు, ఆయన మాటిస్తే మాటే. అలాంటి కథలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి ఈ నవల మనకి ఇంకాస్త లోతుగా దిగుతుందనుకుంటాను. ఇక్కడ అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. మట్టి ఉంది. అది ఇస్తుంది, ఏమిచ్చిందో చెప్పదు.

సర్వీస్‌రోడ్డు_తాడేపల్లి
మాస్టారూ, తలుపు మాట అదిరిపోయింది.

కృష్ణలంక_కథలు
అందరూ గేజ్ గురించే మాట్లాడుతున్నారు. నాకు ఈ నవలలో జెల్డానే నవల. రేచెల్ అక్క. వెన్నెముకకి జబ్బు చేసి వంకర్లు తిరిగిపోయి, వెనక గదిలో మంచాన పడి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లకి ఆ గది చూపించరు. తల్లిదండ్రులు ఇంట్లో లేని పూట ఎనిమిదేళ్ల రేచెల్ ఒక్కతే ఉండగా ఆమె పోతుంది. పిల్ల అరుచుకుంటూ వీధిలోకి పరిగెడుతుంది. ఏడుస్తోందని చుట్టుపక్కలవాళ్లు అనుకుంటారు, కానీ తను నవ్విందేమోనని రేచెల్‌కి జీవితాంతం అనుమానం. ఆ తర్వాత పొద్దున్నే నడుం నొప్పి పెడితే చాలు, నేనూ జెల్డాలా అయిపోతున్నా అని వణుకు.

మా నాయనమ్మని మంచంలో చూసుకున్నది మా అమ్మ, నేను. పక్క బట్టలు మార్చడం, ఒళ్లు పుండ్లు పడకుండా తిప్పి పడుకోబెట్టడం, రాత్రిళ్లు ఆ మూలుగు. ఆవిడ పోయిన రోజు మా అమ్మ ఏడ్చింది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది, పొద్దున లేచి నిద్రపోయినందుకు మళ్లీ ఏడ్చింది. పెద్దకర్మ దాకా ఇంట్లో అందరూ ‘పుణ్యాత్మురాలు, బాధ లేకుండా పోయింది’ అన్నారు. పోయినందుకు హాయిగా ఉందని మా ఇళ్లలో ఎవరూ నోరు తెరిచి అనరు. ఆ మాట ఒక హారర్ నవలలో దొరికింది నాకు. ఇలాంటివి రాయడానికి మామూలు కుటుంబ నవలకి ధైర్యం చాలదు. దెయ్యం అనే వంక ఉంటే మనిషి లోపలి మాట బయటికి రాగలుగుతుంది, ఈ రకం పుస్తకాలు నేను చదివేది అందుకే.

అరండల్‌పేట_చదువరి
అక్కా, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

పటమట_హేతువాది
బ్రాడీపేట గారి వాదన గురించి రాత్రంతా ఆలోచించాను. ప్రయోగం మాట ఒప్పుకుంటాను, అది బలమైన మాట. కృష్ణలంక గారు రాసింది చదివాక ఈ రకం సాహిత్యానికి పనే లేదని అనలేను.

అయినా ఇంకొకటి మిగిలింది. ఆ చోటు ఎవరిదని రాశాడు? మిక్‌మాక్ అనే ఆదివాసీలది. వాళ్ల పూర్వీకుల శ్మశానం, అక్కడి మట్టి చెడిపోయింది, వెండిగో అనే భూతం తాకింది అంటాడు. భూమి పోగొట్టుకున్న జనం, వాళ్ల నేల మీదే శాపం పెట్టి, ఆ శాపం తగిలి బాధపడేది మాత్రం కొత్తగా వచ్చిన తెల్ల కుటుంబం. మన క్షుద్ర నవలల్లోనూ ఇదే వరస కదా, మంత్రగాడు ఎప్పుడూ ఏజెన్సీ నుంచో ఒరిస్సా కొండల నుంచో దిగుతాడు, బాధపడేది పట్నంలో మేడలో ఉండే కుటుంబం. భయం కావాలనుకున్నప్పుడల్లా అడవి మనుషుల్ని వాడుకోవడం అన్యాయం.

బ్రాడీపేట_పుస్తకాలు
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదండీ, మీరన్నది నిజమే. ఒక్కటి చెప్పగలను, ఆ చోటు చెడిపోయిందని తెలిసి మిక్‌మాక్‌లే దాన్ని వదిలేశారని నవలలో ఉంది, ఆ భూమి మాదని వాళ్లు ప్రభుత్వం మీద దావా వేసిన సంగతి కూడా మధ్యలో వస్తుంది. అంటే తెలివిగా తప్పుకున్నది వాళ్లు, తెలిసి తెలిసి మళ్లీ మళ్లీ వెళ్లింది ఊరివాళ్లు. అయినా ఆ జాతి మనిషి ఒక్కడైనా కథలోకి వచ్చి తన నోటితో మాట్లాడడు. ఆ వెలితి ఉంది.

శంకర్‌విలాస్_సాయంత్రం
సినిమాల సంగతి ఎవరూ ఎత్తలేదే. 1989లో మేరీ లాంబర్ట్ తీసింది, స్క్రీన్‌ప్లే కింగే రాసుకున్నారు. 2019లో మళ్లీ తీశారు, అందులో గేజ్ బదులు ఎల్లీ చనిపోతుంది. పెద్ద పిల్లయితే తిరిగొచ్చాక మాట్లాడించొచ్చు, నటింపజేయొచ్చు అనుకుని ఉంటారు. నాకు మాత్రం అక్కడే కథ నడుం విరిగిందనిపించింది. చావంటే ఏంటని ఇంట్లో అడిగింది ఎల్లీ. తన పిల్లిని దేవుడికివ్వను, కావాలంటే ఆయనే ఇంకో పిల్లిని తెచ్చుకోవాలని గొడవ చేసింది ఎల్లీ. అడిగిన పిల్ల బతికి ఉండి, ఆ ప్రశ్నకి జవాబు తమ్ముడి రూపంలో చూడాలి, అప్పుడే దెబ్బ తగులుతుంది. గేజ్‌కి చావంటే తెలీదు. తెలీనివాణ్ణి లాక్కొచ్చారు అన్నదే ఘోరం.

అరండల్‌పేట_చదువరి
నూటికి నూరు పాళ్లు. ఇంకోటి, మనవాళ్లలో పసిపిల్లలు పోతే దహనం చెయ్యరు, పూడ్చిపెడతారు. పెద్దవాళ్లైతే బూడిదవుతారు, కృష్ణలో కలుపుతారు, ఇక ఏమీ మిగలదు. పసివాడైతే మట్టిలోనే ఉంటాడు, ఎక్కడున్నాడో ఆ తండ్రికి తెలుసు. లూయిస్ రాత్రిపూట శ్మశానం కంచె దూకి తవ్వుతుంటే నాకు అది అమెరికా అనిపించలేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇలా పూడ్చిన చోటు పక్క నుంచి వెళ్లేటప్పుడు ఆ తల్లి చీర చెంగు నోట్లో కుక్కుకుని తల తిప్పుకుని నడిచేదట. ఆ నడక నాకు గుర్తొచ్చింది.

సర్వీస్‌రోడ్డు_తాడేపల్లి
జడ్ మీద మీ అందరి అభిప్రాయం ఏంటి? నాకు ఆ ముసలాయన మీద కోపం పోవట్లేదు. అంతా తెలిసి ఎందుకు తీసుకెళ్లాడు?

మాచవరం_మాస్టారు
కోపం వద్దు నాయనా. ఆయన భార్య నార్మాకి గుండెపోటు వస్తే కాపాడింది లూయిస్. ఆ రుణం తీర్చుకోవాలనుకున్నాడు. పైగా చిన్నప్పుడు తన కుక్కని అక్కడే పూడ్చాడు, అది తిరిగొచ్చింది, దాంతో చావు మీద భయం కాస్త తగ్గింది. తనకి జరిగిన మేలు ఎల్లీకీ జరగాలనుకున్నాడు. ఆ చోటే తన చేత అలా అనిపించి ఉంటుందని తర్వాత ఆయనకే అనుమానం వస్తుంది. మేలు చేయాలనుకున్న మనిషి చేతిలోంచే కీడు రావడం ఇందులో అన్నిటికంటే నిజమైన విషయం. చెడ్డవాడంటూ ఒక్కడూ లేడు ఈ కథలో, చూశారా?

కృష్ణలంక_కథలు
చివరి పేజీ గురించి ఒక మాట అడగాలి. లూయిస్ వంటింట్లో ఒక్కడే కూర్చుని పేక ముక్కలు పరుచుకుంటూ ఉంటాడు, వెనక నుంచి చల్లటి చెయ్యి భుజం మీద పడుతుంది, రేచెల్ గొంతు. అక్కడితో అయిపోతుంది. నా ఉద్దేశంలో ఆ పేజీ లేకపోయినా నవల పూర్తయ్యేది. ఆమెని మోసుకుంటూ అడవిలోకి వెళ్లడం దగ్గర ఆపేస్తే ఇంకా బావుండేది.

శంకర్‌విలాస్_సాయంత్రం
ఒప్పుకోను. మాస్టారు చెప్పిన తలుపు మాట గుర్తు చేసుకోండి. అడవిలో ఆపేస్తే మనం ఇంట్లో కూర్చుని ‘ఏమో, ఈసారి సరిగ్గా వచ్చిందేమో’ అనుకోవచ్చు. ఆ వెసులుబాటు మనకి ఇవ్వకూడదు.

బ్రాడీపేట_పుస్తకాలు
ఆ గొంతు వినగానే నేను ముందు సంతోషపడ్డాను, ఆ తర్వాతే భయం వేసింది. అందుకని ఆ పేజీ ఉండాలనే అంటాను.

పటమట_హేతువాది
నేను ఇంగ్లీషులో ఇంకోసారి చదువుతాను, ఈసారి లూయిస్ వాదనలన్నీ పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ. నా కాపీ ఎవరో తీసుకెళ్లి ఇవ్వలేదు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతుందా?

సర్వీస్‌రోడ్డు_తాడేపల్లి
కింగ్‌వి అప్పుడప్పుడు వస్తుంటాయి సార్, అడిగి పెట్టించుకోండి. లేకపోతే నా దగ్గరుంది, ఆదివారం విజయవాడ వస్తా, తెచ్చిస్తా. ఒక్కటి అడగాలి అందర్నీ. మా చెల్లికి ఇప్పుడు ఆరో నెల, హారర్ అంటే ప్రాణం, ఈ పుస్తకం ఇమ్మని ప్రాణం తీస్తోంది. ఇవ్వనా?

అరండల్‌పేట_చదువరి
వద్దు అన్నా. షిర్లీ జాక్సన్ ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ ఇవ్వండి, 1959 నాటిది, చిన్న నవల, భయం ఉంటుంది గానీ పసిపిల్లల జోలికి పోదు. ఇది తర్వాత ఎప్పుడైనా చదువుతుంది.

కృష్ణలంక_కథలు
నేనూ అదే అంటాను. పురుడు అయ్యాక కూడా వెంటనే ఇవ్వకండి, బిడ్డ కాస్త పెద్దయ్యాక ఇవ్వండి.